దీర్ఘం తీసేసిన ఇల్లు

కలకత్తా, మునిసిపల్ లైను
ఫిబ్రవరి 8

తాతా,

ఎలా ఉన్నావు? చెవి మిషను మళ్ళీ డబ్బాలో పెట్టేసేవని అమ్మ అంటోంది. ఫోన్ చేస్తే నేను అడిగేదొకటి, నువ్వు చెప్పేదొకటి. అందుకే ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. అమ్మ ఫోను ఇప్పుడు జయప్రకాశ్ మామ అడిగితే చేతిలో పెట్టాలి. ఎవరు ఏ వాట్సాప్ గ్రూపులో ఉన్నారో చూస్తాడు. తెలుసు కదా, అమ్మవాళ్ళ ఊడ్చే బ్యాచ్‌కి కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు. ముందు ఈ క్వార్టర్స్ లైన్లో మా పక్క గదిలోనే ఉండేవాడు. ఇప్పుడు న్యూ టౌన్‌లో ఫ్లాటు, చొక్కా మీద గొడుగు పార్టీ బ్యాడ్జీ.

ఎన్నికలు కదా, ఇక్కడ ఎక్కడ చూసినా గొడుగే. స్తంభాల మీద, ట్రామ్ స్టాప్ మీద, మా కుళాయి మీద కూడా. నిన్న నీళ్ళు పట్టుకుంటుంటే పోస్టరులోని లీడర్ మొహం తడిసి నా బకెట్లో పడింది.

ఒక రిక్వెస్ట్. జవాబు ఇంటికి పంపొద్దు. మా స్కూల్ ఎదురుగా జెరాక్స్ షాపు తనిమా దీదీ ఉంది, ఆవిడ అడ్రస్ వెనక రాసేను. ఎందుకని అడక్కు. అమ్మకి చెప్పకు.

స్కూల్లో ప్రాజెక్టు ఒకటుంది. తెలుగులో ఒక్క లైను రాయాలి. నాకు మాట్లాడ్డం వచ్చు గానీ రాస్తే అన్నీ డౌట్లే. 'కుటుంబం'లో బ నా భ నా? 'హామీ'లో దీర్ఘం మొదట్లోనా, చివర్నా, రెండు చోట్లా? 'పాకా'కి చివర దీర్ఘం ఉంటుందా? నాకు ఉంటుందనే అనిపిస్తోంది, కానీ రాస్తే చూడ్డానికి బాలేదు. బేగి రాయి తాతా, డెడ్‌లైన్ ఉంది.

పూజిత


బడ్జ్ బడ్జ్, మిల్లు లైను
ఫిబ్రవరి 15

ఒలే పూజితా,

నీ ఉత్తరం అందింది. ఇరవై తొమ్మిదేళ్ళు జనపనార మగ్గాల మధ్య నిలబడ్డ చెవులివి. మిషను పెడితే మనుషుల మాట కాదు, ఫ్యాను చప్పుడు వినపడతాది. అందుకే డబ్బాలో పెట్టేను. నాకు అక్షరమే మాట.

అక్షరం అంటే గుర్తొచ్చింది. నీ తలకట్టు తలకట్టులా లేదే. బెంగాలీ అక్షరాల నెత్తిన గీత గీస్తారు చూడు, అలా అడ్డంగా గీసేస్తన్నావు. 'క' మీద తలకట్టు పిట్ట తోకలా పైకి లేవాలి. ఈ మిల్లు లైన్లో యూనియను తెలుగు గోడలన్నీ ఒకప్పుడు నేను రాసినవే. సున్నం కొట్టి, ఎర్ర రంగుతో, నిచ్చెనెక్కి. మాట మన ఇంటి మాటే రాయాలి, అక్షరం మాత్రం తప్పకూడదు. తప్పు అక్షరం ఉంటే యజమాని డిమాండు చదవడు, తప్పు చూసి నవ్వుతాడు.

కుటుంబంలో ఉత్త బ. హామీకి రెండు చోట్లా దీర్ఘం. పాక, చివర దీర్ఘం తీసెయ్యి. ఊరికే బెంగాలీలా సాగదీస్తన్నావు.

మీ ఇంగ్లీషు మీడియం స్కూల్లో తెలుగు ప్రాజెక్టు ఎప్పట్నించి? సరే, అడగొద్దన్నావు, అడగను. అడ్రసు ఎందుకు మార్చేవో కూడా అడగను. కానీ చదువుకునే పిల్లకి దాచుకునే పని తగిలిందంటే నాకు నచ్చదు.

తాత బైరాగి


కలకత్తా
మార్చి 12

తాతా,

ప్రాజెక్టు అయిపోయింది. థాంక్స్.

ఇక్కడ ఒక గొడవ జరిగింది. గొడుగు పార్టీవాళ్ళు మా లైన్లో తెలుగు పోస్టర్లు వేసేరు. ఫస్ట్ టైం. మొన్నటిదాకా బెంగాలీ, హిందీయే. "ప్రతి కుటుంబానికీ పాక ఇల్లు, ఇది మా హామీ" అని పెద్ద అక్షరాలు. రెండు వైపుల గోడలూ అవే. ముందు అందరూ మురిసిపోయేరు, మన అక్షరాలు అని. అప్పలలక్ష్మీ, నీ బాసలో పోస్టరే అని ఎవరో అంటే అమ్మ చీపురు పక్కన పెట్టి ఒక అక్షరం మీద వేలు పెట్టి చూసుకుంది.

తర్వాత అమ్మతో ఊడ్చే నరసమ్మ అమ్మమ్మ వచ్చింది. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది కదా. "పా... క... ఇల్లు" అని ఆగింది. అంతే, నవ్వడం మొదలెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఒలే అప్పలలక్ష్మీ, సిమెంటు గది లాక్కుని మనకి పాకలేస్తారట! తాటాకు కూడా ఆళ్ళే తెస్తారేటి, మనమే తెచ్చుకోవాలా?"

ముసలమ్మలందరూ నవ్వేరు. మళ్ళీ ఒక్కసారే ఊరుకున్నారు. ఎందుకంటే పోయిన నెల టేపులు పట్టుకుని కొలతలవాళ్ళు వచ్చేరు. లైను కూల్చేసి టవర్లు కడతారని అంటున్నారు. నవ్వు మాట కాస్తా నిజమేమో అన్న భయం అయిపోయింది. సాయంత్రానికి వంటలు మానేసి అందరూ కుళాయి దగ్గర నిలబడ్డారు.

తాతా, పాక అంటే ఏటి? పాకా అంటే సిమెంటు ఇల్లు కాదా? మేం ఎప్పుడూ అలాగే అంటాం కదా. ఇక్కడ గుడిసెని ఝుప్డీ అంటారు, పాక అని నేనెప్పుడూ వినలేదు.

పోస్టరు ఎవరు రాసేరో తెలీదు.

రెండ్రోజులుగా ఆ గోడలవైపు చూడకుండా స్కూల్‌కి వెళ్తున్నాను.

పూజిత


బడ్జ్ బడ్జ్
మార్చి 18

పూజితా,

ఆ పోస్టరు మా లైనుకీ వచ్చింది. మిల్లు గేటు పక్కన మూడు. కుర్చీ తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. గోడలు రాసినోణ్ణి, ఇంకొకడి గోడ చూడకుండా ఉండలేను.

ముందు నాయకుడి మొహం. నా రెండు చేతులు చాపినంత. గోడంతా ఆయనే. కింద మూల మీ అమ్మలాంటి మనిషి, చీపురు పట్టుకుని, బొటనవేలంత. ఆయన మనవైపు చూస్తాడు, ఆవిడ ఆయనవైపు చూస్తాది. ఆవిడ చేతులకి కొత్త గ్లవుసులు, ఒంటి మీద కొత్త జాకెట్టు, పళ్ళన్నీ కనపడేలా నవ్వు. ఫొటో తీసేక ఆ గ్లవుసులు వెనక్కి తీసుకున్నారో లేదో కనుక్కో. మీ అమ్మకి ఎప్పుడైనా ఇచ్చారేటి?

తర్వాత 'హామీ' అన్న మాట. ఎవరు ఎవరికి హామీ ఇస్తన్నట్టు? ఈ ఊరు రోజూ ఊడ్చేది ఎవరు? ఊడ్చినోళ్ళకి ఉండడానికి చోటు ఇవ్వడం ఆయన దయ కాదు, వాళ్ళ పని విలువ. ఇల్లు అన్నారు, ఉద్యోగం పర్మనెంటు చేస్తామని ఎక్కడన్నా ఉందా? వెతికేను, కింద ప్రెస్సు పేరు దాకా చదివేను. లేదు. చెత్త రోజూ వస్తాది, పని రోజూ ఉంటాది, పనిచేసేవాళ్ళు మాత్రం రేపు ఉంటారో లేదో తెలీని కూలీలు. ఆ సంగతి పోస్టరుకి పట్టదు. పైగా గుర్తు గొడుగు! ఇంటికి కప్పు వేసేవాడికి గొడుగుతో పనేటి?

మేం గోడ రాస్తే మనిషి మొహం ఉండేది కాదు. ఏం కావాలి, ఎంతమందికి, ఏ తారీకులోగా. మూడు ముక్కలు. మావాళ్ళూ తర్వాత తర్వాత మొహాలు వెయ్యడం మొదలెట్టేరు, అది కూడా చెప్పాలి. ఆరోజే నేను కుంచె కిరసనాయిల్లో కడిగి అటక మీద పెట్టేసేను. ఈ పోస్టరులో తారీకు లేదు. తారీకు లేని హామీ నాకు మొహమాటపు పిలుపులా కనపడతాది. 'ఎప్పుడేనా మా ఇంటికి రండి' అన్నట్టు.

ఎన్నికలయ్యాక ఇవన్నీ గోకేది ఎవరు? మీ అమ్మే. దానికి వేరే కూలీ కూడా ఉండదు.

ఇప్పుడు నీ ప్రశ్న. పాక అంటే తాటాకు కప్పిన గుడిసె. బెంగాలీవాళ్ళ పాకాని మనం పక్కా అంటాం. క కింద క వత్తు. నువ్వు అడిగింది బెంగాలీ మాట, నేను చెప్పింది తెలుగు మాట. నిజానికి ఆ పోస్టరు మొత్తం మీద నమ్మదగ్గ మాట అదొక్కటే, కానీ అది వేరే సంగతి.

ఇంకోటి. ఆ అక్షరాలు అచ్చు అక్షరాలు కావు, ఎవరో చేత్తో రాసినవి. తలకట్లన్నీ అడ్డగీతలు. అలా రాసే మనిషి నాకు ఒక్కలే తెలుసు.

నేనేం అడగను. భయమేస్తే రాయి.

తాత


కలకత్తా
మార్చి 24

తాతా,

నేనే రాసేను.

జయప్రకాశ్ మామకి తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. పార్టీ ఆఫీసులో మాత్రం తెలుగు ఓట్లు, తెలుగు పోస్టర్లు అన్నీ తనే చూసుకుంటానన్నాడు. ప్రెస్సులో తెలుగు ఫాంటు లేదు, టైపు చేస్తే అక్షరాల బదులు అన్నీ డబ్బాలు వచ్చేయి. అప్పుడు నా దగ్గరకి వచ్చేడు. "మీ తాతకి తెలుగులో చిట్టీలు రాస్తావంట కదా పాపా, ఈ ఒక్క ముక్క మార్కరుతో రాసిపెట్టు. మీ అమ్మకి పాకా నౌకరీ నేను చూస్తాను" అన్నాడు. బెంగాలీ కాగితం ఇచ్చేడు, "ప్రతి పరివారే పాకా ఘర్" అని. నాన్న పోయాక ఈ గది అమ్మ పని మీదే ఉంది కదా. పర్మనెంటు అయితే ఎవరూ ఖాళీ చెయ్యమనరు అనుకున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. దాచడం నాకు బాగా వచ్చు.

పోస్టర్లు వచ్చిన రోజు ఆఫీసులో ఆయనకి చప్పట్లు కొట్టేరట, తెలుగు రాసినందుకు. తర్వాత నవ్వుల సంగతి పైకి తెలిసింది. మంగళవారం స్కూల్ నుంచి వస్తుంటే పార్టీవాళ్ళ క్లబ్బులోకి పిలిచేడు. క్యారమ్ ఆడుతున్నవాళ్ళు ఆట ఆపేసేరు. మామ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఏటి పాపా, మీ తాత ఎర్ర జెండా మనిషి కదా. ఆయన రాయించేడా?"

"కాదు మామా. స్పెల్లింగ్ ఒకటే అడిగేను."

నోరు జారింది తాతా. స్పెల్లింగ్ అని ఎందుకన్నానో.

"ఎలా అడిగేవు? ఉత్తరంలోనా? ఆయన జవాబు రాసేడా? ఆ కాగితం పట్టుకురా. ముసలాడు చిన్నపిల్లని అడ్డం పెట్టుకుని పార్టీ పరువు తీసేడని చెప్తాం. నీకేం కాదు, మీ అమ్మకేం కాదు."

నేను తీసుకెళ్ళలేదు. మర్నాడు హాజరు లిస్టులో అమ్మ పేరు లేదు. అడిగితే పై నుంచి ఆర్డరన్నారు. నా వల్లేనని అమ్మకి తెలీదు. రోజూ చీపురు పట్టుకుని వెళ్తోంది, పేరు పిలిచేదాకా నిలబడుతోంది, తిరిగొస్తోంది. నెల రోజులు పేరు లేకపోతే గది తాళం ఇచ్చెయ్యాలి. ఏప్రిల్ అయిదున లీడర్ మా లైనుకే మీటింగుకి వస్తున్నాడు. ఆలోగా కాగితం కావాలన్నాడు మామ. సరిచేసిన పోస్టరు కూడా నేనే రాయాలట.

నీ ఉత్తరం నా కెమిస్ట్రీ ప్రాక్టికల్ బుక్ అట్టలో ఉంది. అందులో నీ చేత్తోనే ఉంది, 'దీర్ఘం తీసెయ్యి' అని. ఇస్తే అమ్మకి పని వస్తుంది. నీ ఇంటికి మనుషులొస్తారు. ఇవ్వకపోతే మాకు గది లేదు.

ఏం చెయ్యను? ఎవరితోనూ చెప్పలేదు. నీకే.

పూజిత


బడ్జ్ బడ్జ్
మార్చి 27

ఒలే గుంటా,

ఇచ్చెయ్యి. అది నేను రాసిందే. దాని పక్కన రంగు పెన్సిలుతో గీత కూడా గీసి ఇవ్వు, వెతుక్కోకుండా. వాళ్ళొచ్చి అరిస్తే అరవనీ, మిషను డబ్బాలోనే ఉంటాది. మిల్లు మేనేజర్లే నన్ను అరిచి అరిచి అలిసిపోయేరు.

నిజానికి తప్పు నాదే. నువ్వు అడిగిన మాట ఏ వాక్యంలోదో అడక్కుండా దీర్ఘం కోసేసేను. పెద్ద పంతుల్లాగ.

కానీ ఒక్క పని చెయ్యి. ఇవ్వడానికి ముందు అమ్మకి అంతా చెప్పు, ఉత్తరాలన్నీ ముందు పెట్టు. అది దాని పని, దాని గది. దానికే తెలీకుండా మనిద్దరం వేరే అడ్రసు పెట్టుకుని దాని సంగతి రాసుకుంటన్నాం. ఆ గొడుగాయన పోస్టరులో ఆవిణ్ణి మూల బొటనవేలంత చేసేడని నేను అంత రాసేనా? మనం చేసింది కూడా అదే కాదేటి?

కొట్టదు. కొడితే నాకు రాయి.

తాత


కలకత్తా
ఏప్రిల్ 8

తాతా,

ఉత్తరం ఇవ్వలేదు. అమ్మ కొట్టలేదు కూడా.

అమ్మకి చెప్పేను. అమ్మకి చదవడం రాదు కదా, ఉత్తరాలన్నీ నేల మీద పరిచి చదివి వినిపించేను. నువ్వు గ్లవుసుల గురించి రాసినచోట మాత్రం మళ్ళీ చదవమంది. తర్వాత బియ్యం కడిగింది. అప్పుడు అడిగింది.

"కొత్త పోస్టరులో ఏటి దిద్దమన్నాడు?"

"పాక బదులు పక్కా."

"పక్కా ఇల్లు ఎప్పుడిస్తారని రాయమన్నాడు?"

"అది లేదమ్మా."

"అయితే నువ్వు దిద్దేది ఏటి?"

అయినా మామకి రాసిచ్చేసేను, తప్పు లేకుండా, తలకట్లు కూడా పిట్ట తోకల్లా. ఇవ్వకపోతే ఏమవుతుందో అని భయం. అమ్మ వద్దనలేదు. "ఆ ఉత్తరం మాత్రం ఎవడికీ ఇవ్వకు, మా అయ్య చేతిరాత అది" అంది.

మీటింగుకి ముందురోజు పొద్దున్న పాత పోస్టర్లన్నీ గోకమని ఆడవాళ్ళకి ఆర్డరు. నేను కుళాయి దగ్గర బకెట్టు పెట్టుకుని చూస్తున్నాను. తొమ్మిదిమంది వచ్చేరు. చేతుల్లో రేకుముక్కలున్నాయి గానీ ఎవరూ గోడ ముట్టుకోలేదు. నరసమ్మ అమ్మమ్మ గట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"ఏటి, పని లేదా?" అన్నాడు జయప్రకాశ్ మామ.

"ఉంది బాబూ. అప్పలలక్ష్మి పేరు పిలు, మొదలెడతాం."

"దాని సంగతి వేరే. అది పైవాళ్ళ మాట."

"పైవాళ్ళకే పోస్టరు గురించి చెప్తాం మరి. తెలుగంతా నాదే, నేనే రాసేనని ఆఫీసులో చెప్పుకున్నావంట. పాకలు కూడా నీవే కదా నాయనా?"

ఎవరో ఫక్కున నవ్వేరు. మామ మొహం చూడాలి తాతా. కొత్త పోస్టర్లు ఆటోలో ఉన్నాయి, అతికించేవాళ్ళు గమ్ము కలుపుకుని కూర్చున్నారు, గోడలేమో పాకలతో నిండి ఉన్నాయి. గంటసేపు ఫోన్లు చేసేడు. పదకొండింటికి లిస్టు తీసి అమ్మ పేరు రాసేడు. అందరి ముందూ గట్టిగా చదవమన్నారు, చదివేడు. గోకినదానికి కూలీ అడిగితే చూద్దాం అన్నాడు. అది రాదులే.

నా పేరు ఎవరూ ఎత్తలేదు. అందరికీ తెలుసని నాకు తర్వాత తెలిసింది. దాచడం నాకు బాగా వచ్చు అనుకున్నాను.

మీటింగు రోజు పొద్దున్న అమ్మ ఒక కాగితం ఇచ్చి, "ఎప్పుడు అని పెద్దగా రాసి చూపించు" అంది. రాసేను. దాన్ని జాకెట్లో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. పెద్దవాళ్ళు వచ్చేటప్పుడు రోడ్డుకి రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్‌తో తెల్ల గీత వేస్తారు కదా, ఆ పని వీళ్ళదే. మధ్యాహ్నం నేను వచ్చి చూస్తే గీత తిన్నగానే ఉంది, ప్రతి పోస్టరు కిందా మాత్రం పౌడర్‌తో ముగ్గు వేసినట్టు ఒక మాట ఉంది. ఒక్కోటి ఒక్కో చేతిది. కొన్ని వంకర, కొన్ని తలకిందులు. అమ్మది మాత్రం గుర్తుపట్టేను, పు కింద వత్తు లేదు. 'ఎపుడు' అని ఉంది.

మామ నన్ను చెయ్యి పట్టుకుని ఆ అక్షరాల దగ్గరికి తీసుకెళ్ళేడు.

"ఇది నీ రాతేనా?"

"కాదు మామా. నాకు వత్తులు వచ్చు."

"ఏం రాసుంది?"

చెప్పేను. తుడిపించడానికి టైం లేదు, అప్పటికే కార్లు వచ్చేసేయి. లీడర్ దిగేడు. పోస్టరులో కంటే చాలా చిన్నగా ఉన్నాడు తాతా, మామూలు సైజు మనిషే. కింద అక్షరాలు చూసి ఆగేడు. "ఎటా కీ లేఖా?" అని అడిగేడు. ఇదేం రాసేరు అని.

జయప్రకాశ్ మామ చేతులు కట్టుకుని, "స్వాగతం అని సర్, తెలుగులో" అన్నాడు.

లీడర్ చాలా సంతోషించేడు. వంగి ఆ అక్షరాలకి దణ్ణం పెట్టేడు. ఫొటోలు తీసేరు. తర్వాత దాని మీంచే నడుచుకుంటూ స్టేజీకి వెళ్ళేడు. మాటలో సగం ఆయన చెప్పులకి అంటుకుని స్టేజీ మెట్ల దాకా తెల్లగా వెళ్ళింది. అమ్మవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. మీటింగులో ఇల్లు ఎప్పుడో చెప్పలేదు. కొలతలవాళ్ళ సంగతి కూడా చెప్పలేదు.

భయం పోలేదు. మామ ఇంకా నన్ను చూస్తున్నాడు. ఎన్నికలయ్యాక అమ్మ పేరు ఉంటుందో లేదో తెలీదు. కానీ ఇకమీద జవాబు తనిమా దీదీ షాపుకి పంపొద్దు. ఇంటికే పంపు. పెద్ద అక్షరాలతో, విడివిడిగా రాయి. అమ్మ చదువుతానంది.

పూజిత


బడ్జ్ బడ్జ్
ఏప్రిల్ 14

(పోస్టుకార్డు)

అప్పలలక్ష్మీ,

కార్డు మీద రాస్తన్నాను, ఎవరు చదువుకున్నా పరవాలేదు. 'ఎప్పుడు'లో పు కింద ప వత్తు ఉండాలి. పూజితని అడిగి నేర్చుకో. ఆ మాట నీకు మళ్ళీ మళ్ళీ రాయాల్సొస్తాది.

మీ అయ్య